సముద్రపు పరాన్నజీవి నత్తల రికార్డును సరిచూడడం ఎలా?

మిల్లీమీటర్లలో కొలవాల్సిన తెల్లని గవ్వ, మసక ఫోటో, కింద ప్రజాతి, జాతి పేర్లు మాత్రం ధీమాగా. ఎక్కడ ఏ నత్త దొరికిందో చెబుతూ సరిచూడమని వచ్చే రికార్డుల్లో చాలావాటి తీరు ఇదే. వాటిని చూసినప్పుడు మొదట చేయాల్సిన పని ఆ పేరును పక్కన పెట్టడం. ఈ నత్తల్లో గవ్వ కొనను చూశాకే పేరు జోలికి వెళ్లాలి.

ఎక్కువగా ఎదురయ్యేవి రెండు కుటుంబాలు. యూలిమిడే నత్తలు నక్షత్ర చేపలు, సముద్రపు అర్చిన్లు, సముద్ర దోసకాయల వంటి కంటకచర్ముల మీద బతుకుతాయి. పిరమిడెల్లిడే నత్తలు ఆల్చిప్పలనూ ఇతర నత్తలనూ గొట్టపు పురుగులనూ ఆశ్రయించి, పొడవాటి తొండంతో వాటి ద్రవాలను పీలుస్తాయి.

సామగ్రి కొంచెమే. పది రెట్లు పెంచే చేతి కటకం, స్టీరియో మైక్రోస్కోపు, సన్న కుంచె, స్కేలు, మెరుపు లేని నల్ల కాగితం. తెల్ల గవ్వను తెల్ల కాగితం మీద ఫోటో తీయకండి. పట్టుకారు వాడితే గవ్వ నోటి (నత్త బయటికి వచ్చే రంధ్రం) అంచు విరుగుతుంది, కుంచెనే వాడండి. మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. వెనిగర్ దరిచేరనివ్వకండి, సున్నపు గవ్వ ఆమ్లంలో కరుగుతుంది.

నత్తను కదిలించే ముందే అది అంటుకుని ఉన్న చోటును, ఆతిథేయితో, అంటే అది ఆశ్రయించిన జీవితో కలిపి ఫోటో తీయాలి. నక్షత్ర చేపతో పాటు ఒకే పళ్లెంలో కనిపించినంత మాత్రాన నత్త దాని పరాన్నజీవి అయిపోదు. నీలి నక్షత్ర చేప లింకియా లీవిగాటా మీద ఉండే థైకా క్రిస్టలినా అనే యూలిమిడే నత్త టోపీ ఆకారంలో ఉంటుంది. దాని తొండం ఆతిథేయి శరీరంలోకి దిగి ఉంటుంది కాబట్టి లాగకూడదు. ఆడదాని గవ్వ కింద మరుగుజ్జు మగది దాగి ఉంటుంది, లెక్కలో దాన్ని మరిచిపోవద్దు. సముద్ర దోసకాయలను మన దేశంలో 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. అనుమతి లేకుండా వాటిని పట్టుకోవద్దు, నీటిలోనే ఫోటో తీయండి.

ఇక అసలు మెలిక గవ్వ కొన దగ్గర ఉంది. కొనలో ఉండేది డింభక దశలో కట్టుకున్న తొలి గవ్వ. పిరమిడెల్లిడేలో అది ఎడమవైపు చుట్టుకుంటుంది, తర్వాతి చుట్లు కుడివైపు పెరుగుతాయి. అందువల్ల కొన మీది చిన్న చుట్ట పక్కకు వాలి పడుకున్నట్టు కనిపిస్తుంది. ఒడోస్టోమియా వంటి ప్రజాతుల్లో అది తర్వాతి చుట్టులో సగం మునిగి కూడా ఉంటుంది. యూలిమిడేలో తొలి గవ్వ, మిగతా గవ్వ ఒకే దిశలో చుట్టుకుంటాయి, కొన నున్నగా ముగుస్తుంది.

చదవడానికి సులువే, చూడడమే కష్టం. గవ్వ కొన పైకి, నోరు మీవైపు ఉండేలా సన్నని ఇసుకలో నిలబెట్టండి. నోరు కుడివైపు రావాలి. ఫోటోలో ఎడమవైపు ఉంటే చాలాసార్లు ఆ చిత్రం అద్దంలోలా తిరగబడినదే, దాన్ని చూసి చుట్టు దిశ చెప్పకండి. వాలిన చుట్ట ఒక వైపు నుంచి చూస్తే నిటారుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది. కాబట్టి గవ్వను నాలుగు వైపులా తిప్పి, ఆపైన నిట్టనిలువుగా పై నుంచి చూడాలి. దీపాన్ని పక్క నుంచి, బాగా కిందికి దించి పెట్టండి. పై నుంచి వెలుతురు పడితే మెరుపు తప్ప మరేమీ కనిపించదు.

ఇంకా రెండు మోసాలున్నాయి. యూలిమిడ్ గవ్వలు చాలా వాటిలో మొత్తంగా ఒక పక్కకు వంగి ఉంటాయి. ఆ వంపును చూసి కొన వాలిందని రాసేస్తారు. వంపు వేరు, చుట్టు దిశ మారడం వేరు. రెండోది, గవ్వ గాజులా పారదర్శకం కావడంతో చుట్ల మధ్య అసలు అతుకు పక్కనే లోపలి నుంచి మరో గీత కనిపిస్తుంది. దాన్ని అతుకుగా లెక్కిస్తే చుట్ల ఎత్తు కొలతలన్నీ తప్పుతాయి. కొన అరిగినా విరిగినా అక్కడితో ఆగండి. “కొన లేదు” అని రాయడం కూడా పనికొచ్చే సమాచారమే.

ఆతిథేయిని బట్టి కుటుంబం తేల్చడం, ఫోటోను యాప్‌కు ఇచ్చి పేరు అడగడం నాకు సమ్మతం కాదు. తీరపు ఇసుకలో దొరికిన ఖాళీ గవ్వకు ఆతిథేయి ఎక్కడిది? యూలిమెల్లా నున్నగా, సన్నగా, అచ్చం యూలిమిడేకు చెందిన యూలిమాలా ఉంటుంది. అయినా అది పిరమిడెల్లిడ్. మొత్తం ఆకారాన్ని నమ్మినవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

కొన తేలాక మిగతాది త్వరగా సాగుతుంది. నిలువు పక్కటెముకల్లాంటి గీతలు టర్బోనిల్లావైపు చూపుతాయి, నోటిలోపల, గవ్వ చుట్లు తిరిగే మధ్యదండం మీద పంటిలాంటి మడత ఒడోస్టోమియావైపు. మొత్తం ఎత్తు, చివరి చుట్టు ఎత్తు, నోటి ఎత్తు కొలిచి రాయండి. పెన్సిల్‌తో బొమ్మ గీయడం తప్పనిసరి. గీస్తేనే కన్ను నిదానిస్తుంది.

ఇప్పుడు పేరు. నత్తలు, ఆల్చిప్పల వంటి జీవుల పేర్ల ఆన్‌లైన్ పట్టిక మొలస్కాబేస్‌లో నేటి చెల్లుబాటు పేరు చూడండి, కానీ పాత రికార్డులోని పేరును చెరపకండి. రెండూ పక్కపక్కన ఉండాలి. 1778లో డా కోస్టా స్ట్రాంబిఫార్మిస్ ఆల్బస్ అని పేరు పెట్టిన నత్త ఇప్పుడు మెలనెల్లా ఆల్బా. పాత పేరు చెరిపేస్తే మూలాన్ని వెతకడానికి దారి ఉండదు.

చోటును కూడా పటం మీద పెట్టి చూడండి. విశాఖపట్నం 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. ఈ రెండు అంకెలూ ఒకదాని చోట ఒకటి పడితే ఆ నత్త ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! లోతు, తేదీ, సేకరించిన పద్ధతి లేకపోతే రికార్డును పెండింగ్‌లో ఉంచి, పంపినవారిని అడగండి.

ఆమోదం మూడు స్థాయిల్లో ఇవ్వాలి. కొన, నోరు, కొలతలు, వర్ణన అన్నీ సరిపోతే జాతి. కొన, మడత మాత్రమే స్పష్టమైతే ప్రజాతి. కొన ఒక్కటే తెలిస్తే కుటుంబం. కుటుంబం దగ్గర ఆపిన రికార్డును “అసంపూర్ణం” అని తిరస్కరించకండి. తప్పు జాతి పేరు వ్యాప్తి పటంలోకి ఎక్కితే ఏళ్ల తరబడి అందరూ దాన్నే ఉటంకిస్తారు.

నమూనాను చిన్న గాజు గొట్టంలో వేసి, పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే ఉంచండి. ఓక్ చెక్క బీరువాలో పెట్టకండి. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి గవ్వ మీద తెల్లని పూత పడుతుంది, మొదట చెడేవి గవ్వ మీది సన్నని గీతలే.