బొంత మీద గీతలు పోకపోతే, డిజైన్ కనబడకపోతే

చేత్తో అతుకుల బొంత కుట్టేవాళ్ళు ఏది చెడినా ముందు సూదిని తిట్టుకుంటారు. నేను చూసినంతవరకు తప్పు చాలాసార్లు అంతకు ముందే, డిజైన్ ఎంచుకునేటప్పుడో, కుట్టాల్సిన దారిని బట్ట మీద గీసేటప్పుడో జరిగిపోయి ఉంటుంది.

సమస్య: ఉతికినా నీలం గీతలు పోవట్లేదు.
కారణం: నీళ్ళతో పోయే నీలం పెన్నుతో గీసి, గీత పోకముందే ఇస్త్రీ చేశారు. వేడికి ఆ రంగు బట్టని పట్టేసుకుంటుంది. మా పాప బొంతకి నేను చేసిందీ ఇదే, రెండేళ్ళయినా ఓ మూల గీత అలాగే ఉంది.
పరిష్కారం: ముందు ఇస్త్రీ, తర్వాతే గీత. కుట్టడం అయ్యాక ఒట్టి చన్నీళ్ళలో నానబెట్టండి, గీతలన్నీ పోయాకే సబ్బు పెట్టండి. వేడికి మాయమయ్యే పెన్నుతో ఇంకో తంటా, ఇస్త్రీకి పోయిన గీత గడ్డకట్టే చలిలో మళ్ళీ తేలుతుంది, అమెరికాలో ఉన్న మనవడికి పంపే బొంత మీద మాత్రం అది వాడకండి. ఏ పెన్నయినా అదే బట్ట ముక్క మీద గీసి, ఉతికి చూసుకోవాలి. ముదురు రంగు బట్టకైతే నా ఓటు అరిగిన సబ్బుముక్కకే.

సమస్య: గంటలకొద్దీ కూర్చుని కుట్టిన పువ్వు కనబడట్లేదు.
కారణం: పూలచీర ముక్క మీద పువ్వు కుట్టారు, ఇంకెలా కనబడుతుంది!
పరిష్కారం: పూల బట్టకి ఏటవాలు గీతలు చాలు. వంపుల డిజైన్లు ప్లెయిన్ ముక్కలకి ఉంచుకోండి. వాటికి మెలికల ముగ్గు భలే కుదురుతుంది, గీత ఎక్కడా తెగదు కాబట్టి మాటిమాటికీ దారం తెంపక్కర్లేదు. చుక్కలు మాత్రం పెట్టుకుని మెలిక కంటి అంచనాతో తిప్పితే, చెరపాల్సిన గీతలే ఉండవు.

సమస్య: అంచులు అలల్లా లేస్తున్నాయి.
మధ్యలో దగ్గర దగ్గరగా కుట్టి అంచుల్లో వదిలేస్తే అంతే, కుట్టిన చోట బట్ట ముడుచుకుంటుంది, కుట్టని చోట వదులుగా మిగిలిపోతుంది. బొంతంతా కుట్లు ఒకే ఒత్తుగా వచ్చే డిజైన్ గీయండి, నాలుగేసి అంగుళాలకి టాకాలు (తర్వాత విప్పేసే పొడుగు కుట్లు) వేసి, నడిమి నుంచి బయటికి కుట్టుకురండి. లోపల విడి దూది పరిస్తే గీతల మధ్య రెండు అంగుళాలు దాటనివ్వకండి, లేదంటే ఉతికినప్పుడు ఉండ కడుతుంది. పాత చీరల పొరలే అయితే ఈ టెన్షన్ లేదు.

సమస్య: అతుకుల దగ్గర సూది దిగట్లేదు.
గీత సరిగ్గా అతుకు మీదే వచ్చింది, అక్కడ లోపల బట్ట మడతలు ఉంటాయి. గీతని పావు అంగుళం పక్కకి జరపండి. అంత వెడల్పు మాస్కింగ్ టేప్ అంటించి దాని వెంటే కుట్టుకుపోతే పెన్నే అక్కర్లేదు, కాకపోతే రాత్రికి పీకేయాలి, వదిలేస్తే జిగురు మిగిలిపోతుంది.