సర్వర్‌లో ఫైల్స్ బ్యాకప్ ఎలా తీయాలి, పోతే మళ్లీ ఎలా తెచ్చుకోవాలి?

సర్వర్‌లో రెయిడ్ (కొన్ని డిస్కులు కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా పెట్టే ఏర్పాటు) ఉంది కదా ఇంకా బ్యాకప్ ఎందుకు అంటారు చాలామంది. రెయిడ్ ఉంటే ఒక డిస్క్ పోయినా పని ఆగదు, అంతవరకే, ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ కొడితే అన్ని డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది.

ముందు ఏమేం కావాలో లిస్ట్ రాసుకోండి: షేర్డ్ ఫోల్డర్లు, డేటాబేస్, ఇంకా అందరూ మర్చిపోయే, లినక్స్‌లో ఉండే ఈటీసీ (/etc) ఫోల్డర్, సెట్టింగ్స్ చాలావరకు ఉండేది అందులోనే. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైల్స్ నేరుగా కాపీ చేస్తే సగం పాతవి సగం కొత్తవి వచ్చి ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు, అందుకే మైఎస్‌క్యూఎల్ అయితే మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్ అయితే పీజీ డంప్ కమాండ్‌తో డంప్ (డేటా మొత్తం ఒక ఫైల్‌గా) తీసి ఆ ఫైల్‌ని బ్యాకప్‌లో పెట్టండి.

కాపీకి లినక్స్‌లో ఆర్‌సింక్ (rsync) అనే కమాండ్ చాలు. 1996లో వచ్చింది, ఇప్పటికీ దాన్ని మించింది పెద్దగా లేదు నా లెక్కలో. మారిన భాగాలే నెట్‌వర్క్ మీద పంపుతుంది, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) ఆర్కైవ్ ఆప్షన్‌తో నడిపితే పర్మిషన్లు, ఓనర్లు, తేదీలు కూడా వచ్చేస్తాయి. సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ పెడితే లోపలున్నవి మాత్రమే వెళ్తాయి, పెట్టకపోతే ఆ ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది.

అసలు భయపడాల్సింది డిలీట్ ఆప్షన్‌కి, సోర్స్‌లో లేని ఫైల్స్‌ని బ్యాకప్‌లోంచి కూడా తీసేసేది అదే. రాత్రి క్రాన్ జాబ్ (పెట్టిన టైమ్‌కి దానంతటదే నడిచే పని) నడిచే టైమ్‌కి సోర్స్ డిస్క్ మౌంట్ అవ్వలేదనుకోండి, అంటే సిస్టమ్‌కి తగులుకోలేదనుకోండి, అక్కడ ఖాళీ ఫోల్డర్ కనిపిస్తుంది, ఆర్‌సింక్ ఓహో ఫైల్స్ అన్నీ తీసేశారు కాబోలు అనుకుని బ్యాకప్‌ని కూడా శుభ్రంగా ఊడ్చేస్తుంది! స్క్రిప్ట్ మొదట్లోనే మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చెక్ పెట్టండి, మౌంట్ కాకపోతే అక్కడే ఆగిపోవాలి, కొత్త స్క్రిప్ట్ అయితే ముందు డ్రై రన్ (ఏమీ మార్చకుండా ఏం జరుగుతుందో చూపించేది) చూడండి. ఇంకా మంచిది, లింక్ డెస్ట్ ఆప్షన్‌తో రోజుకో ఫోల్డర్ చేయండి, మారని ఫైల్స్ హార్డ్‌లింక్స్‌గా (డిస్క్‌లో ఉన్న అదే ఫైల్‌కి ఇంకో పేరుగా) ఉంటాయి కాబట్టి జాగా పెద్దగా తినవు.

బ్యాకప్ సర్వరే వచ్చి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషిన్‌కి భద్రంగా కనెక్ట్ అయ్యే దారి) మీద ఫైల్స్ లాక్కునేలా పెట్టండి. మెయిన్ సర్వర్‌కి అక్కడ రాసే పర్మిషన్ ఉంటే ర్యాన్సమ్‌వేర్ (ఫైల్స్ లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) అదే దారిలో వెళ్తుంది. ఒక కాపీ వేరే బిల్డింగ్‌లో ఉండాలి.

రీస్టోర్ చేసేటప్పుడు పాత చోటే నేరుగా రాసేయకండి, వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి షా256సమ్ అనే కమాండ్‌తో కొన్ని ఫైల్స్ బ్యాకప్‌లో ఉన్నవాటితో సరిగ్గా కలుస్తున్నాయో లేదో పోల్చండి, డంప్‌ని టెస్ట్ డేటాబేస్‌లో ఎక్కించి చూడండి. ఏ గొడవా లేనప్పుడు కూడా అప్పుడప్పుడు ఇది చేసి ఎంతసేపు పట్టిందో రాసి పెట్టుకోండి, సర్వర్ పడిపోయిన రోజు అందరూ అడిగేది అదే. కొత్త మెషిన్ అయితే యూజర్ ఐడీ నంబర్లు పాతవాటితో కలవకపోవచ్చు, అందుకే బ్యాకప్‌కీ రీస్టోర్‌కీ న్యూమరిక్ ఐడీస్ ఆప్షన్ (ఓనర్లను పేరుతో కాకుండా నంబర్‌తో ఉంచేది) పెట్టి, యూజర్లను పాత నంబర్లతోనే క్రియేట్ చేయండి, లేదంటే ఒకరి ఫైల్స్ ఇంకొకరి పేరు మీదికి వెళ్తాయి.