విదేశానికి చదువుకు వెళ్ళే మన ముస్లిం అమ్మాయిలు ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

విజయనగరం నుంచి బయలుదేరేముందు, వెళ్తున్న దేశపు చట్టాన్ని తెలుసుకోవాలి, ఎందుకంటే హిజాబ్ విషయంలో పాశ్చాత్య దేశాలన్నీ ఒక్కలా ఉండవు. ఫ్రాన్సులో 2004 నాటి చట్టం ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థినులు హిజాబ్ ధరించడాన్ని నిషేధించింది గాని, అది విశ్వవిద్యాలయాలకు వర్తించదు; ముఖం కప్పుకొని బహిరంగ ప్రదేశాల్లో తిరగడాన్ని మాత్రం 2010 చట్టం అందరికీ నిషేధించింది. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగంలో మతవివక్షను నిషేధిస్తున్నాయి. హిజాబ్ కారణంగా ఉద్యోగం దక్కని ఒక యువతి తరఫున వేసిన దావాలో అమెరికా సుప్రీంకోర్టు 2015లో ఆమె పక్షానే తీర్పు చెప్పింది. అమెరికా వీసా ఫోటోలో హిజాబ్ ఉండవచ్చు, అయితే ముఖమంతా నీడ పడకుండా కనిపించాలి.

అసలు ఇబ్బంది నమాజు వేళలతో వస్తుంది. మన ఊళ్ళో మగ్రిబ్ (సూర్యాస్తమయం కాగానే చేసే నమాజు) వేళ ఏడాది మొత్తం మీద గంటన్నర లోపే మారుతుంది. లండన్‌లో సూర్యుడు డిసెంబరులో సాయంత్రం 4 గంటలకు ముందే అస్తమిస్తాడు, జూన్‌లో రాత్రి 9 దాటాక గాని అస్తమించడు. అందువల్ల చలికాలంలో జొహర్ (మధ్యాహ్నపు నమాజు), అసర్ (మధ్యాహ్నం దాటాక చేసేది), మగ్రిబ్ మూడూ తరగతుల్లోనో పనివేళల్లోనో పడతాయి. చేరిన మొదటి వారంలోనే, ఎన్ని నిమిషాలు కావాలో, ఆ సమయాన్ని ఎలా పూరిస్తారో పై అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. మొహమాటపడి మెట్ల కింద దాక్కొని నమాజు చదువుకోవలసిన అవసరం ఏ అమ్మాయికీ రాకూడదని నేను గట్టిగా కోరుకుంటాను. చాలా విశ్వవిద్యాలయాల్లో ప్రార్థనకు ప్రత్యేకంగా గది ఉంటుంది. మసీదుకు వెళ్ళాలనుకుంటే స్త్రీలకు చోటు ఉందో లేదో ముందే కనుక్కోండి, అక్కడా అన్ని మసీదుల్లోనూ ఉండదు.

తిండి విషయంలో హలాల్ గుర్తు చూడటంతో పాటు, మిఠాయిల్లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం) ఉందేమో చదవాలి.

తోటి తెలుగువారే "నీకింత తెలుగు ఎలా వచ్చింది?" అని అడిగినప్పుడు మనసు ఎక్కువ నొచ్చుకుంటుంది. మాది విజయనగరమని, పైడితల్లి సిరిమాను చూస్తూ పెరిగానని నిదానంగా చెప్పండి. వారి ఉగాది విందుకు పిలిస్తే వెళ్ళండి, మీరు తిననిది ఏదో ఒక్కసారి చెప్పి, మీ ఇంటి సేమియా ఖీర్ చేసి పట్టుకెళ్ళండి. హిజాబ్ ధరించాలా మానాలా అన్నది మీ నిర్ణయమే గాని, మొదటి నెల బెరుకులో దాన్ని తేల్చుకోకండి.

డిసెంబరులో లండన్‌లో మగ్రిబ్ ముగిసేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. అమ్మ పడుకోకముందే, ఆ కొద్దిపాటి విరామంలో ఇంటికి ఫోను చేయండి.