నేపాల్లో వాలంటీరుగా వెళ్తే, ఆ ఇంట్లో ఎలా ఉండాలంటే

పోఖరా దగ్గర ఓ పల్లెకు పొలం పనుల వాలంటీరుగా వెళ్లి, అక్కడ ఒకరింట్లో నెల రోజులు ఉన్నాను. మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి, నా వయసువాళ్లకు (15–65 ఏళ్ల మధ్య) ఆధార్ చెల్లదు. రోజుకెన్ని గంటల పని, తిండికి డబ్బు కట్టాలా అన్నది ముందే మెసేజ్‌లో అడిగి పెట్టుకోండి. నేను అడగలేదు, మొదటి వారమంతా టెన్షనే.

ఇంటావిడను ‘ఆమా’ అని పిలవండి. పొద్దున్నే టీ మాత్రమే, పప్పన్నం పదింటికి. ఆకలికి ఆగలేనివాళ్లు అటుకులు పట్టుకెళ్లండి. వడ్డన ఆగదు, ‘పుగ్యో’ అంటే చాలని అర్థం. ఎంగిలి పట్టింపు మా అమ్మమ్మకంటే ఎక్కువే, చెంబు ఎత్తి పోసుకుని తాగాలి. ఓసారి గరిటె నా కంచానికి తగిలించాను. ఆమా ఏమీ అనలేదు, లేచి వెళ్లి గరిటె కడుక్కొచ్చింది.