విమానం ఎక్కాలంటే గుండె దడా? భయం ఏ క్షణంలో పుడుతోందో పట్టుకోండి

విమాన భయం అని ఒకటే పేరు పెట్టేస్తాం గానీ, అది ఒక్క భయం కాదు. ఒకరికి ఎత్తు, ఒకరికి మూసిన తలుపు, ఒకరికి కుదుపులు. ఇంకొకరికి విమానంతో పేచీయే లేదు, అందరి ముందూ తనకేదైనా అయిపోతుందేమోనని బెంగ. అందుకే ఒకరికి పనిచేసిన చిట్కా మరొకరికి పనిచేయదు. మీ భయం ఎక్కడ మొదలవుతుందో చూసుకుని అక్కడి నుంచి చదవండి.

సమస్య: టికెట్ కొన్న రోజు నుంచే నిద్ర పట్టదు

టికెట్ రద్దు చేయగానే హమ్మయ్య అనిపిస్తుంది చూడండి, చిక్కంతా ఆ హమ్మయ్యలోనే ఉంది. ‘ఎక్కలేదు కాబట్టే బతికాం’ అని మెదడు లెక్క రాసుకుంటుంది. ఎన్నిసార్లు తప్పించుకుంటే భయం అంత ముదురుతుంది. ఇది పిరికితనం కాదు. వేలమంది ముందు జంకు లేకుండా ఆడిన డచ్ ఫుట్‌బాలర్ డెనిస్ బెర్గ్‌కాంప్ కూడా విమానం ఎక్కనని భీష్మించుకున్నాడు.

పరిష్కారం: మెట్టుమెట్టుగా దగ్గరవడం. టేకాఫ్ వీడియోలు విసుగు పుట్టేదాకా చూడండి. తర్వాత గంటలోపు ప్రయాణం ఒకటి పెట్టుకోండి. ప్రమాద వార్తలు వెతకడం, గంటగంటకీ వాతావరణం చూడటం మానేయండి. ధైర్యం కోసమే చూస్తున్నామనుకుంటాం, నిజానికి భయానికి మేత వేస్తుంటాం.

సమస్య: తలుపు మూయగానే ఊపిరాడదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి

లోపల గాలి తక్కువై కాదు. ఎగిరే విమానంలో గాలి మొత్తం రెండు మూడు నిమిషాలకోసారి మారిపోతుంటుంది. కంగారులో మీరే అవసరానికి మించి ఊపిరి పీలుస్తున్నారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తిమ్మిరి, తల తిరగడం, ఛాతీ బిగుతు వస్తాయి. వాటిని చూసి మళ్లీ కంగారు.

‘గట్టిగా ఊపిరి పీల్చు’ అని పక్కవాళ్లు ఇచ్చే సలహా ఇక్కడ బెడిసికొడుతుంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో మెల్లగా తీసుకుని, ఆరేడు అంకెల సేపు వదలండి. పని చేసేది వదలడమే. భయం కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరి, దానంతటదే దిగుతుంది. ఎక్కేటప్పుడే సిబ్బందితో ‘నాకు కాస్త భయం’ అని చెప్పేయండి. దాచుకోవడమే సగం బరువు.

సమస్య: పైకి లేచిన నిమిషానికే కింద పడిపోతున్నట్టు గుండె జారుతుంది

చాలామందిని కుదేలు చేసేది ఇదే. పరుగు తీసి లేచేటప్పుడు ఇంజిన్లు ఎక్కువ శక్తితో తిరుగుతాయి. వెయ్యి, పదిహేను వందల అడుగులు దాటాక ఆ శక్తిని కొంత తగ్గిస్తారు, ముక్కు కూడా కాస్త దించుతారు. చప్పుడు తగ్గేసరికి ‘ఇంజిన్ ఆగిపోయింది’ అనిపిస్తుంది. లోపలి చెవికి వేగం తెలియదు, వేగంలో మార్పే తెలుస్తుంది. లిఫ్టు పై అంతస్తు చేరబోతూ నెమ్మదించినప్పుడు, పైకే వెళ్తున్నా కడుపులో జారినట్టుంటుంది కదా? ఇదీ అదే. విమానం ఇంకా పైకే ఎక్కుతోంది.

కాబట్టి జరగబోయేది ముందే మనసులో వల్లించుకోండి. కింద ‘దబ్’మంటే చక్రాలు ముడుచుకున్నాయి. ‘గుయ్’మంటే రెక్కల వెనక అంచున చాచి ఉంచే పలకలు (ఫ్లాప్స్) లోపలికి వెళ్తున్నాయి. ఆ తర్వాత చప్పుడు తగ్గుతుంది. ఎదురుచూసిన శబ్దం భయపెట్టదు.

సమస్య: కుదుపులు మొదలైతే ప్రాణాలు అరచేతిలోకి వస్తాయి

‘ఎయిర్ పాకెట్’ అనే మాట ఎవరు పుట్టించారో గానీ, ఆకాశంలో గాలి లేని గుంత ఎక్కడా ఉండదు. వేర్వేరు వేగాలతో కదిలే గాలులను దాటడమే కుదుపు. వందల అడుగులు పడిపోయామనిపించినా, మామూలు కుదుపుల్లో ఎత్తు మారేది చాలా కొంచెం. ఇక రెక్క ఊగడం చూసి హడలిపోవద్దు, ఊగేలాగే దాన్ని కట్టారు. వాడుకలో ఎదురయ్యే గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు అది తట్టుకోవాలి. 1995లో బోయింగ్ 777 రెక్కను కావాలనే విరిచి చూస్తే, 154 శాతం దగ్గర గానీ విరగలేదు.

అసలు ప్రమాదం బెల్టు పెట్టుకోనివాళ్లకు. తీవ్రమైన కుదుపులో పైకెగిరి తలకు దెబ్బ తగిలేది ఎక్కువగా వాళ్లకే. బెల్టు పెట్టుకోమని చెప్పే దీపం ఆరినా బెల్టు ఉంచుకోండి. రెక్కల దగ్గరి సీటు, ఉదయం ప్రయాణం మేలు. సీటు చేతులు బిగించి పట్టుకోకుండా, గతుకుల రోడ్డు మీద బస్సులో ఊగినట్టు ఊగిపోండి. ముందు సగం నీళ్లున్న సీసా పెట్టుకుని చూడండి, నీళ్లు మీరనుకున్నంతగా ఎగరవు.

ఇంజిన్లు ఆగిపోతే?

రాయిలా పడదు, జారుకుంటూ వస్తుంది. 2001లో అట్లాంటిక్ మీద ఒక ఎయిర్‌బస్ ఎ330లో ఇంధనం కారిపోయి రెండు ఇంజిన్లూ ఆగాయి. దాదాపు 120 కిలోమీటర్లు జారుతూ వచ్చి అజోర్స్ దీవుల్లో దిగింది. లోపలున్న 306 మందీ బతికారు.

దిగేటప్పుడు వచ్చే పెద్ద హోరు వేగం తగ్గించడానికే. దిగబోయి మళ్లీ పైకి లేచినా పైలట్లకు అది మామూలు విన్యాసమే.

మాత్ర వేసుకుంటే పోదా?

ఆ పూట మొద్దుబారుతుందేమో గానీ, ‘నేను తట్టుకోగలను’ అన్న పాఠం మెదడుకు అందదు. డాక్టర్ రాసిస్తే తప్ప వద్దు. మద్యంతో కలిపి అసలే వద్దు, ఊపిరి మందగిస్తుంది. ఏళ్ల తరబడి వేధిస్తుంటే, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (భయపెట్టే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) చేసే సైకాలజిస్టును కలవండి. కొన్నిచోట్ల కళ్లకు వర్చువల్ రియాలిటీ అద్దాలు పెట్టి, నేల మీదే విమానం ఎక్కించి సాధన చేయిస్తారు.

మొదటిసారి గట్టెక్కాక తిరుగు ప్రయాణాన్ని రైలుకు మార్చుకోకండి. వీలైతే రెండు మూడు నెలల్లోపే ఇంకోసారి ఎక్కండి. ఏడాది విడిచిపెడితే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిరావచ్చు.