కాల్విన్ చక్రాన్ని గింజలతో లెక్కగట్టే విధానం

మొక్క గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రాన్ని సమ్మేళనాల పేర్లు వల్లె వేసి గుర్తుంచుకోవడం కష్టం; కార్బన్ పరమాణువులను లెక్కపెట్టుకుంటూ పోతే అర్థం చేసుకోవడం తేలిక. ఇందుకు 18 గింజలు చాలు. ఒక్కో గింజ ఒక్కో కార్బన్.

ముందుగా 15 గింజలను ఐదేసి చొప్పున మూడు వరుసలుగా పేర్చాలి. ఇవి హరితరేణువులో ఉండే రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ అణువులు. మిగిలిన మూడూ పత్రరంధ్రాల గుండా వచ్చిన కార్బన్ డై ఆక్సైడ్. వరుసకొక గింజ చేర్చి, ఆ ఆరింటినీ వెంటనే మూడేసిగా విడదీయాలి. రుబిస్కో అనే ఎంజైమ్ చేసే పని ఇదే. ఆరు కార్బన్ల అణువు నిలకడ లేనిది కనుక దానిని విడి మజిలీగా చూపనక్కరలేదు. శాస్త్రవేత్తలు కాల్విన్, బెన్సన్, బాషమ్‌లు క్లోరెల్లా శైవలానికి కార్బన్-14 (జాడ పట్టడానికి వీలైన రేడియోధార్మిక కార్బన్) అందించి, కొద్ది సెకన్లలోనే వేడి ఆల్కహాలులో ముంచి పరీక్షించినప్పుడు మొదట కనిపించింది ఈ మూడు కార్బన్ల ఫాస్ఫోగ్లిజరిక్ ఆమ్లమే.

ఇప్పుడు ఆరు గుంపులున్నాయి. కిరణజన్య సంయోగక్రియలో వెలుతురుతో సాగే కాంతి చర్యలో తయారైన ఆరు ఏటీపీలు (శక్తినిచ్చే అణువులు), ఆరు ఎన్‌ఏడీపీహెచ్‌లు (ఎలక్ట్రాన్లు అందించే అణువులు) ఖర్చయి, ఆ ఆమ్లం గ్లిజరాల్డిహైడ్ ఫాస్ఫేట్ అవుతుంది. గింజల సంఖ్య మాత్రం మారదు. ఒక గుంపును పక్కన పెట్టాలి. మొక్కకు మిగిలిన రాబడి అంతే.

తక్కిన ఐదు గుంపులు తిరిగి మొదటి రూపానికి వస్తాయని ఒక్క వాక్యంలో దాటవేయడం పరిపాటి, కానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండు గుంపులను కలిపితే ఆరు. అందులోంచి రెండు గింజలు తీసి మూడో గుంపుకు ఇస్తే ఒకవైపు నాలుగు, మరోవైపు ఐదు మిగులుతాయి. ఆ నాలుగింటికి నాలుగో గుంపును కలిపితే ఏడు; ఏడింటిలోంచి రెండు తీసి చివరి గుంపుకు ఇస్తే రెండు ఐదులు వస్తాయి. మొదటి ఐదుతో కలిపి మూడు వరుసలు సిద్ధమైనట్టే. వీటికి ఫాస్ఫేట్ చేర్చడానికి మరో మూడు ఏటీపీలు పడతాయి.

లెక్క కుదిరాక ఒక వరుసకు గింజ చేర్చకుండా మూడు, రెండుగా విడదీసి చూడాలి. రుబిస్కో కార్బన్ డై ఆక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకున్నప్పుడు జరిగేది అదే. ఆ రెండు కార్బన్ల ముక్కను తిరిగి వాడుకునే క్రమంలో మొక్క కొంత కార్బన్‌ను పోగొట్టుకుంటుంది. మొక్కజొన్న, చెరకు వంటివి ముందుగా నాలుగు కార్బన్ల ఆమ్లం తయారుచేసి, దాని ద్వారా రుబిస్కో చుట్టూ కార్బన్ డై ఆక్సైడ్‌ను పోగుచేసేది ఈ నష్టాన్ని తగ్గించుకోవడానికే.