మేధో వైకల్యమున్న స్కీయర్‌ను పెద్ద పోటీకి ఎలా సిద్ధం చేయాలి?

ముందు అర్హత పత్రాలు. ఐక్యూ 75 లేదా అంతకు తక్కువని, రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉందని, అది ఎదిగే వయసులోనే మొదలైందని నిపుణుల నివేదిక కావాలి. దాన్ని మేధో వైకల్యమున్న క్రీడాకారుల అంతర్జాతీయ సమాఖ్య వర్టస్ పరిశీలిస్తుంది. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివారిని ఆడించిన మోసం బయటపడ్డాక ఈ క్రీడాకారులందరినీ పక్కన పెట్టారు. 2012 లండన్‌లో కొన్ని వేసవి క్రీడల్లోకి తిరిగి తీసుకున్నారు. శీతాకాల పారాలింపిక్స్‌లో 1998 నగానో తర్వాత చోటే లేదు. నిర్దోషులకు ఇంతకాలం శిక్షేమిటి?

ఇక శిక్షణ. నా దగ్గరి క్రాస్‌కంట్రీ (మంచుపై ఎత్తుపల్లాల్లో దూరం సాగే స్కీయింగ్) స్కీయర్లకు బలం తక్కువ కాదు. మొదటి కిలోమీటరులోనే శక్తినంతా ఖర్చు చేసేస్తారు. "నెమ్మదిగా వెళ్లు" అంటే చాలదు. ట్రాకంతా వెంట నడిపించండి. ఎత్తు మొదలయ్యేచోట ఆగి, పొట్టి అడుగులు వేసి చూపండి. శిఖరం దాటాక రెండు కర్రలూ కలిపి తోయించండి. మర్నాడు ఆ దారిని వారితోనే చెప్పించండి, మధ్యలో అందించకండి. బిబ్ (పోటీ నంబరున్న చొక్కా) కట్టుకోవడం, స్టార్ట్ బీప్ వినగానే కదలడం కూడా విడిగా సాధన చేయించాలి.

ప్రతి ల్యాప్ సమయం రాసిపెట్టండి. వైకల్యం ఆటతీరుపై చూపే ప్రభావానికి ఆధారాలుంటేనే వర్గీకరణ (ఎవరు ఏ విభాగంలో పోటీపడాలో తేల్చడం) నిలుస్తుంది. జాతీయ సమాఖ్యను ఈ స్కీయర్లకు ప్రత్యేక విభాగం అడిగేటప్పుడు ఆ అంకెలనే ముందు పెట్టండి.